బార్లీకి కాపలా

లిబూషె సంచి సర్దుతోంది.

రెండు జతల ఉన్ని మేజోళ్లు. పొడుగు చేతుల చొక్కా. తలగుడ్డ. బీరులో వేసే హాప్ కాయల తీగ గరుకుకు చేతులు గీరుకుపోతాయి కనుక తోలు తొడుగులు. అయినా గీరుకుపోతాయి కనుక మలాము. రక్తపోటు మాత్రలు, మూడు రోజులకి. కాస్త ఆలోచించి, వారానికి.

“ఏంటే ఇది, యుద్ధానికి వెళ్తున్నావా?” అంది పక్కింటి మిలాదా, గుమ్మానికి ఆనుకుని.

“నీకేం, నవ్వుతావు. నేను చెయ్యి ఊపి పంపినవాళ్లలో ఎవరు తిరిగొచ్చారో చెప్పు.”

ఎవరూ రాలేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

మొదట వెళ్లింది ఓటకర్. లిబూషె మొగుడు, ఆమె నోట ఓతా. రైల్వేలో పని మానేశాక ఆయనకి బుద్ధి బీరు మీదకి మళ్లింది. చుట్టూ ఇన్ని హాప్ తోటలు పెట్టుకుని బీరు కొనుక్కు తాగడమేమిటన్నాడు. షెడ్డు గోడ పక్కన మూడు హాప్ దుంపలు పాతాడు. మొలకలు లేవగానే తాళ్లకి చుట్టాడు. తెల్లారి చూస్తే మూడూ చుట్లు విప్పుకుని నేల మీద పడున్నాయి. చుట్టాల్సిన వైపు చుట్టలేదు.

“హాప్‌కి పేరుమోసిన జాటెత్స్ పక్కన పుట్టి, ఆ తీగ ఎటు తిరుగుతుందో తెలియని మగాణ్ణి నిన్నే చూశాను,” అన్నాడు తమ్ముడు విలేమ్. పెళ్లి చేసుకోలేదు, అన్నావదినల దగ్గరే ఉంటాడు.

తర్వాత బార్లీ. మొలకెత్తించి వేయించిన బార్లీ విడిగా కొంటే గిట్టదు. మిల్లువాడు టోకుగా అయితేనే ఇస్తానన్నాడు. టోకు అంటే నలభై బస్తాలు. ఏప్రిల్‌లో లారీ వచ్చి షెడ్డు నిండా దింపిపోయింది. నాలుగో రోజున ఎలుకలు వచ్చాయి.

“ఒక్క వారం కాపలా కాసొస్తా,” అన్నాడు ఓటకర్.

లిబూషె సంచి సర్దింది. కనిపించినంతసేపూ చెయ్యి ఊపింది.

వారమైంది. మనిషి లేడు. పిల్లి లీజాని బుట్టలో పెట్టి, పాలగిన్నె తోడిచ్చి పంపింది. లీజా కూడా రాలేదు. చీటీ మాత్రం వచ్చింది. స్టాంపు లేదు.

“ఎలుకలు తగ్గాయి. లీజా ఒళ్లు చేసింది. బీరు కాచడం మొదలుపెట్టాను. అది పక్వానికి రావాలంటే వాయికి ఆరు వారాలు. పీపా ఒకటే. బార్లీ వంద వాయిలకి సరిపోతుంది. అయిపోగానే వచ్చేస్తా. ఓతా.”

లిబూషె కేలండర్ వెనక లెక్క వేసింది. పదకొండున్నరేళ్లు.

ఆమె ఏడవలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడింది.

“నువ్వు కంగారు పడకు వదినా,” అన్నాడు విలేమ్. “చెవి పట్టుకుని లాక్కొస్తా.”

“నువ్వైనా వస్తావా?”

“నేనెందుకు రాను? నాకు బీరంటే పడదని తెలుసుగా.”

అతనికీ సంచి సర్దింది. బంగాళాదుంపల సూపు క్యాన్‌లో పోసిచ్చింది. మర్నాడు రెండో చీటీ వచ్చింది.

“వదినా, మొదటి వాయి ఇంకా పక్వానికి రాలేదు, అయినా రుచి చూశాను. నా దిండు పంపు.”

దిండు పంపింది. ఆ తర్వాత మూడు నెలలు ఒక్కతే తింది. ముగ్గురికి వండడం అలవాటు కనుక మిగిలింది మిలాదాకి ఇచ్చేది.

ఈ రోజు ఓటకర్‌కి డెబ్భై నిండాయి. పొద్దున్నే మూడో చీటీ.

“హాప్ కాయలు పండాయి. రెండు రోజుల్లో కోయకపోతే గోధుమరంగు తిరిగి దేనికీ పనికిరావు. ఇద్దరం చాలడం లేదు. చేతులు కావాలి.”

లిబూషె చాలాసేపు ఆలోచించింది. ఆ పైన బాతుకి ఉప్పు, సోంపు గింజలు రాసి ఓవెన్‌లో పెట్టింది. బల్ల మీద మూడు పళ్లాలు వేసింది.

“వెళ్తాను, కాయలు కోసిపెడతాను, ఇద్దర్నీ వెంటబెట్టుకుని వచ్చేస్తాను,” అంది, సంచి మూతి కడుతూ. “పుట్టినరోజునాడైనా ఆ మనిషి నా బల్ల దగ్గర కూర్చోవాలి. అంతకు మించి నాకేం వద్దు.”

“వస్తారులే.”

“బాతుకి మూడు గంటలు పడుతుంది. తాళం నీ దగ్గరుంచు. ఒకవేళ మేం రాకపోతే...”

“రాకపోతే?”

“బాతుని మాడనివ్వకు.”

ఇద్దరూ కావలించుకున్నారు. నవ్వడానికి వచ్చిన మిలాదా ముక్కు చీదింది. లిబూషె గుమ్మం దిగింది.

“ఏయ్, ఇంటి చెప్పులతోనే వెళ్తున్నావు! బూట్లు వేసుకో!”

“ఓతా కూడా వీటితోనే వెళ్లాడు,” అంది లిబూషె, వెనక్కి తిరక్కుండా.

మూడు గంటలయ్యాక మిలాదా బాతుని బయటికి తీసింది. ఇంకో గంట చూసింది. చల్లారిపోతోందని మొగుణ్ణి పిలిచింది. ఇద్దరూ ఆ బల్ల దగ్గరే, పుల్ల క్యాబేజీతో, చప్పుడు చేయకుండా తిన్నారు. మూడో పళ్లెంలో ఒక కాలు ఉంచారు.

ఆ కాలు తినడానికి ఎవరూ లేరు; వంటింటి గుమ్మానికీ పెరట్లోని షెడ్డు తలుపుకీ మధ్య ఉన్న పద్నాలుగు అడుగులు దాటి 2011 ఆగస్టు 27, శనివారం మధ్యాహ్నం వెళ్లిన లిబూషె ఇంతవరకు తిరిగి రాలేదు.