తిరగబడే కిక్

"నా బండి ఎవరు తీశారు?"

కళ్లజోళ్ల షాపాయన టార్పాలిన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇంకో గంటలో ఆ పాత డర్ట్ బైకును కొనేవాడు వస్తాడు. తుడిచి తయారుగా ఉంచుదామని పైగుడ్డ తీస్తే, టైరు గళ్లలో ఎర్రమట్టి ఇంకా తడిగా ఉంది.

షెడ్డులో స్టూలు మీద వెల్డరు, కిటికీ అంచున దర్జీ కూర్చుని ఉన్నారు. దర్జీ ఎంత సన్నగా ఉంటాడంటే, తన చొక్కాకి గుడ్డ మిగులుతుందని తనే చెప్పుకుంటాడు. ఆదివారం పొద్దున ఈ ముగ్గురూ ఇక్కడ చేరడం, ఒకప్పటి బండ్ల గురించి చెప్పిందే చెప్పుకోవడం మామూలే.

"నువ్వు మోకాలు విరగ్గొట్టుకున్నాక దాన్ని ఎవరు ముట్టుకుంటారు బావా?" అన్నాడు వెల్డరు.

"అదే నేనూ అడుగుతున్నా. ట్యాంకు ఖాళీ చేసి పెట్టాను. ఇప్పుడు చూస్తే సగం పైన పెట్రోలుంది."

"ఎవరో పుణ్యాత్ముడు పోశాడు. సంతోషించు."

షాపాయనకి నవ్వు రాలేదు. కుంటుకుంటూ గుమ్మం దాకా వెళ్లాడు, వీధి చూశాడు, మళ్లీ బండి దగ్గరికొచ్చాడు. కూర్చోబోయి లేచాడు.

"రోజంతా నేను కొట్లో ఉంటాను. ఈ షెడ్డు తాళంచెవి నా తరవాత మీ ఇద్దరి దగ్గరే ఉంది."

"తాళంచెవి ఉంటే దొంగలమైపోయామా?" అన్నాడు దర్జీ.

"దొంగలనలేదు. చెప్పి తీసుకెళ్తే వద్దంటానా?"

వెల్డరు లేచి సీటు వెనక భాగాన్ని అరచేత్తో నొక్కాడు. అది మెత్తగా కిందికి దిగింది. "ఇటు చూడు. వెనక స్ప్రింగు వదులు చేశారు. ఎవరో బరువు తక్కువ మనిషి పని ఇది. నేనెక్కితే నేలకి ఆనుతుంది."

ఇద్దరూ దర్జీ వైపు తిరిగారు.

"బక్కగా పుట్టడం కూడా తప్పేనా?"

"నీ బండి అమ్ముకున్న రోజు చంటిపిల్లాడిలా ఏడ్చావు బావా. నాకు గుర్తుంది," అన్నాడు వెల్డరు.

"ఏడ్చాను. ఆ బండి పోతేనే మిషన్ వచ్చింది, మిషన్ వస్తేనే ఇల్లు నిలబడింది. ఇప్పటికీ మిషన్ తొక్కుతూ తొక్కుతూ గేరు కోసం కాలు కదుపుతాను. మా ఆవిడ చూసి నవ్వుతుంది. నా బతుక్కి ఆ మాత్రం రైడింగ్ చాలు. నీ బండి ముట్టుకోలేదు."

"అయితే కాలు చూపించు," అన్నాడు షాపాయన.

ఆ బండి గుణం ముగ్గురికీ తెలుసు. స్టార్ట్ చేసేటప్పుడు కిక్ రాడ్ తిరగబడి కుడికాలి ఎముక మీద ఫెడీమని తంతుంది. అలవాటున్న వాళ్లనే వదలదు, కొత్తవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆ కమిలిన గుర్తు ఒక పట్టాన పోదు.

దర్జీ ప్యాంటు మోకాలి దాకా మడిచాడు. ఎముక మీద ఎప్పటిదో తెల్లటి మచ్చ తప్ప కొత్త గుర్తేమీ లేదు. ఎవరూ అడక్కుండానే వెల్డరు కూడా మడిచాడు. "నాదీ చూసెయ్. మళ్లీ నా మీదకి రాకు." షాపాయన ఏం చెయ్యాలో తోచక తన ప్యాంటూ పైకి లాక్కున్నాడు. ఆపరేషన్ కుట్ల కింద అతనికీ అదే పాత మచ్చ.

"ఊరందరికీ చూపు సరిచేస్తావు," అన్నాడు దర్జీ. "నన్ను మాత్రం ఇలా చూశావు." జేబులోంచి తాళంచెవి తీసి బండి సీటు మీద పెట్టాడు. "ఇకనుంచి ఆదివారాలు నాకు పనుంటుంది బావా."

అతను గుమ్మం దాటబోతుంటే షాపాయన భార్య టీ ట్రేతో ఎదురొచ్చింది.

"ఏంటీ, ముగ్గురూ వాగు దాటుతున్నారా?" అంది వాళ్ల కాళ్లు చూసి. ఎవరూ నవ్వలేదు. దర్జీకి అడ్డంగా నిలబడి ఒక గ్లాసు అతని చేతిలో పెట్టింది. "టీ తాగకుండా ఎక్కడికన్నయ్యా?" చేతిలో వేడి గ్లాసుతో అలిగి వెళ్లడం కుదరక అతను ఆగిపోయాడు.

"బండిని ఎవరో తిప్పుతున్నారు," అన్నాడు షాపాయన.

"పాడు చేశారా?"

"లేదు చెల్లెమ్మా," అన్నాడు వెల్డరు. "చైనుకి నూనె కూడా వేశారు."

"అయితే బుద్ధిమంతులే."

"నీకు వేళాకోళంగా ఉందా?" షాపాయన గొంతు పెరిగింది. "దీన్ని అమ్మేది ఎవరికోసం? నేను మంచాన పడితే అన్నీ దగ్గరుండి చేశావు. ఎందుకెక్కారని ఒక్క మాట అనలేదు. అందుకే కదా అమ్మేస్తానని మాటిచ్చాను. ఇది కంటి ముందున్నంత కాలం నీకు భయమే."

"నాకు భయమని నేనెప్పుడన్నాను?"

గేటు బయట హారన్ మోగింది. కొనేవాడు వచ్చేశాడు. షాపాయన గేటు వైపు ఒకడుగు వేసి ఆగాడు. ఇన్నాళ్లూ ఆవిణ్ణి ఈ ఒక్క మాట అడగలేదని అప్పుడు తట్టింది.

"నువ్వు చెప్పు. అమ్మనా, వద్దా?"

ఆవిడ గోడ పక్కనున్న పాత టైరు మీద కూర్చుంది. "ముందు మీ నొప్పుల మందు డబ్బా ఇలా ఇవ్వండి."

అర్థంకాకపోయినా అతను అలమారులోంచి డబ్బా తీసిచ్చాడు. హారన్ మళ్లీ మోగింది. ఆవిడ మూత తీసి, వేలికి కాస్త మందు తీసుకుని, చీర కుచ్చిళ్లు జానెడు పైకి జరిపింది.

కుడికాలి ఎముక మీద, ఇంతసేపూ వాళ్లు ఒకరి కాళ్ల మీద ఒకరు వెతికిన గుర్తు ఇంకా నీలంగానే ఉంది.