పీత మామ తుంగపుల్ల

ఒక కుంటలో తొలకరి వాన పడిన రోజు కప్పలకు గెంతుల పందెం. గెలిచినవాడిదే ఆ వానాకాలమంతా పెద్ద తామరాకు. నీరసంగా ఉన్నవాళ్లకు అన్యాయం జరగకూడదని పీత మామ ఒక పద్ధతి పెట్టాడు. వారం వారం అందరి గెంతూ తుంగపుల్లతో కొలిచి, తక్కువ గెంతేవాణ్ణి పందెంలో అంత ముందు నిలబెడతాడు.

బొండడనే కప్పకు తిండికీ తెలివికీ లోటు లేదు. కొలతల రోజు మాత్రం మూలుగుతూ వచ్చేవాడు. "మోకాలు మామా, మోకాలు!" అంటూ ఒక్క పుల్లంత గెంతి కూలబడేవాడు. పీత మామ జాలిపడి, "అందరికంటే నీరసం మన బొండడే!" అని కుంటంతా వినపడేలా చాటేవాడు.

తుంగలో పడుకున్న పాము కూడా వినేది.

తొలకరి రానే వచ్చింది. బొండడు అందరికంటే పది పుల్లలు ముందు, ఒంటరిగా, మీసం లేకపోయినా మెలేస్తున్నట్టు నిలబడ్డాడు. పందెం మొదలవక ముందే పాము నేరుగా వాడి మీదికి వచ్చింది. తక్కిన కప్పలు బురదలో దూరాయి. బొండడు ఒక్క గెంతులో కుంట దాటి అవతలి గట్టున పడ్డాడు.

పాముకు ఒళ్లు మండింది. "ఏమయ్యా పీతా, నీ కొలతలు నమ్మి వీణ్ణి ఎంచుకున్నాను. ఇవాళ నాకు పస్తు!" అని బుసకొట్టి పోయింది.

పీత మామ తుంగపుల్ల తీసుకుని కుంట వెడల్పు కొలవడం మొదలుపెట్టాడు.

అవతలి గట్టు మీద బొండడు గబుక్కున మోకాలు పట్టుకున్నాడు.

"మామా, అది గెంతు కాదు! కాలు జారింది!"