బంద్ చేసినకొద్దీ

మా బిడ్డ స్వరూప ప్రాజెక్టు రేపు పొద్దుగాల కాలేజీల ఇయ్యాలె. కంప్యూటరేమో మెమొరీ సాలదనుకుంట, అత్తగారింట్ల కొత్తల్లుని లెక్క కదలదు. నాకు ఒళ్లు మండింది.

"బాపు, నడుస్తున్న ప్రోగ్రాములు బంద్ చెయ్యాలె" అని బిడ్డ లిస్టు తెరిసింది. పేర్లు లేవు, ఉత్త గీతలే. ఒకటి బంద్ చేసిన. బయట మొరుగుతున్న కుక్క ఠక్కున ఆగింది. ఇంకోటి చేసిన. కీచురాళ్లు ఆగినయి. కంప్యూటర్ జర ఉషారైంది.

"ఎవడ్రా నాతోని పరాచకాలాడేది?" అని కిటికీలకెల్లి ఒర్రిన. ఊరందరిని నేను ఏడిపిస్త గని, నన్ను ఏడిపిస్తే ఊకుంటనా? కోపంల ఇంకోటి కొట్టిన.

పక్క అర్రల మా ఆమె శ్యామల బీడీల ఆకు కత్తిరిస్తున్న సప్పుడు ఆగింది.

"ఏమే, నువ్వు గూడ మొదలువెట్టినవా? పలుకు!"

పోయి సూస్తే చాటల కత్తెర, సగం కోసిన ఆకు ఉన్నయి. ఆమె లేదు. తలుపు లోపలి గొళ్లెం వెట్టే ఉన్నది.

"బాపు, ప్రాజెక్టు తెరుసుకున్నది!" బిడ్డ సంబురంగ ఒర్రింది. "ఇగ రెండే ఉన్నయి. ఒకటి తీసేస్తే సేవ్ అయితది."

ఇంట్ల ఉన్నది గూడ మేమిద్దరమే.

"చెయ్యి తియ్యే!" అని గదుముకుంట ఉరికిన. దాని ఏలు అప్పటికే బటన్ మీద ఉన్నది.