ఒంటిచేతి గుండీలు

హసన్ బీ చొక్కాను నల్లా గొట్టానికి చుట్టి, రెండు కొసలూ ఎడమచేత్తోనే పట్టుకుని పిండుతోంది. కుడిచెయ్యి తువ్వాలతో మెడకు కట్టి ఉంది. నీళ్ళు సగం బకెట్లో పడితే సగం ఆమె చీర మీద పడ్డాయి.

వసారాలో మంచం మీద కూర్చున్న అబ్దుల్ వహాబ్ ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

"అజీ, చాయ్ పెట్టాల్నా?" అంది.

ఆమె చొక్కాను ఒంటిచేత్తోనే దులిపి తీగ మీద వేసింది.

"పెడ్త తియ్యి," అని తనే అనేసుకుంది.

పక్షవాతం ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఇంతే. ప్రశ్న ఆమెదే, జవాబూ ఆమెదే. గార్ల ఊరి అంగట్లో గాజుల బండి పెట్టి, దారిన పోయేవాళ్ళను నవ్వించి మరీ అమ్మిన మనిషి, ఇప్పుడు భార్యతో ఒక్క ముక్క మాట్లాడడు. పొద్దస్తమానం వీధి వైపు చూస్తూ కూర్చుంటాడు.

గోడ అవతలి నుంచి పక్కింటి మనోరమ తల కనిపించింది.

"అక్కా, మిరపకాయలు ఏరుడు షురువైంది. ఆటో మన గల్లీలకే వస్తది. నువ్వెప్పుడొస్తవ్?"

"గీ అంగీ గుండీలు ఒక్క చేత్తోని పెట్టుడు కానీ. గప్పుడొస్త."

మిరపతోటకు పోయేటప్పుడు ఆడవాళ్ళంతా చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుంటారు. హసన్ బీ తొడుక్కునేది ఈ నీలిగీతల చొక్కానే, వహాబ్‌ది.

మనోరమ మంచం వైపు చూసి గొంతు తగ్గించింది. "ఇంకా మాట్లాడతలేడా?"

"లేదు."

"గోడతోటి కాపురమైంది నీది."

"గోడకు గీ మొండితనం ఉండదు తియ్యి," అంది హసన్ బీ. ఇద్దరూ నవ్వారు. మనోరమ వెళ్ళిపోయాక నవ్వు ఒక్కత్తికే మిగిలింది.

ఇంకొకరి చేత గుండీలు పెట్టించుకుని బయటికి పోవడం కంటే ఇంట్లో కూర్చోవడమే నయమన్న పంతం ఆ ఇంట్లో పాతుకుపోయింది. గుండీలు కుదిరితేనే గడప దాటడం.

మధ్యాహ్నం బండికి జనగామ నుంచి అరుంధతి వచ్చింది. పక్షవాతం వచ్చినవాళ్ళకు పనిముట్లు తయారుచేసే అమ్మాయి. సంచిలోంచి కొత్త కొక్కెం తీసింది. సైకిలు పుల్లను వంచి, కర్రపిడికి బిగించి చేసింది అది.

"చెమటకు జారుతుందన్నవు కదా అక్కా, పిడికి ట్యూబు ముక్క చుట్టిన. కుడిచెయ్యి లేదనుకో. ఎడమతోనే కానియ్యి."

హసన్ బీ వచ్చి మంచానికి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆరిన చొక్కాను కుడి భుజం మీద కప్పుకుని, ఎడమ చెయ్యి తొడుక్కుంది. కాజాలోంచి కొక్కెం దూర్చింది. గుండీకి తగిలించి లాగింది. జారింది. మళ్ళీ లాగింది. ఈసారి గుండీ టక్కున ఇవతలికి వచ్చింది.

"వచ్చింది పిల్లా," అంది నెమ్మదిగా.

కింది గుండీ దాకా అట్లాగే పెట్టింది. తలెత్తి చూస్తే వహాబ్ వీధి వైపు చూడటం లేదు. ఆమె చేతినే చూస్తున్నాడు. వెంటనే మొహం తిప్పుకున్నాడు.

అరుంధతి సంచి సర్దుకుని సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. హసన్ బీ చొక్కా విప్పి, కొక్కెంతో సహా మంచం కోడుకు తగిలించింది.

శుక్రవారం నమాజుకు పిలుపు వినబడే వేళకు ఆమె పొయ్యి దగ్గర ఉంది. వెనక మంచం కిర్రుమంది. చాలాసేపటి దాకా ఆమె వెనక్కి తిరగలేదు.

తిరిగి చూసి, ఇన్నాళ్ళూ అతను చూసి నేర్చుకోవాలని తనకు తానే కట్టేసుకున్న కుడిచేతిని తువ్వాలలోంచి విప్పుకుని, రెండు చేతులా వాకిలి తలుపులు బార్లా తెరిచి పట్టుకుంటే, నీలిగీతల చొక్కా గుండీలన్నీ ఎడమచేత్తో తానే పెట్టుకున్న అబ్దుల్ వహాబ్, చచ్చుబడ్డ కుడిచెయ్యి వేలాడుతుండగా, కాలు ఈడ్చుకుంటూ, మాట పడిపోయిన నోటితో ఆమె పక్కనుంచే గడప దాటి వెళ్ళిపోయాడు.