నూట పన్నెండో పేజీ

"మీరు గది తప్పినట్టున్నారు. అల్లికల క్లాసు కింద," అన్నాడు నైజెల్.

"కాదు నాయనా, ఆటకే వచ్చాను." ముసలావిడ తడిసిన గొడుగు మూలన పెట్టి కుర్చీ లాక్కుని కూర్చుంది. "అందరూ నన్ను డాట్ అంటారు."

ఆటగాళ్ళు గ్యారెత్, బెథన్ మొహమొహాలు చూసుకున్నారు. డెబ్బై అయిదేళ్ళ మనిషి కత్తులూ మంత్రాల ఆటకి రావడమేమిటి!

హాలిఫాక్స్ ఊళ్ళోని ఆ చర్చి మేడగదిలో పాతికేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆట నడుస్తోంది. తలా ఒక పాత్ర అయి కథలోకి దిగుతారు. ఏం చేస్తారో వాళ్ళు చెప్పాలి, దానికి ఏమైందో నైజెల్ చెప్పాలి. నైజెల్‌కి మాత్రం పుస్తకం చెప్పాలి.

అట్ట ఊడిన ఆ పుస్తకంలో ఒక లోకమంతా ఉంది. రాజులు, నదులు, యుద్ధాలు, ఏ ఏడు ఏ ఊరు మునుగుతుందో కూడా.

నైజెల్ ఉద్యోగం బస్సు డిపోలో. ప్రాణం మాత్రం ఆ పుస్తకంలో.

కొత్తవాళ్ళు ఎవరొచ్చినా అతను ముందు చూపించేది నూట పన్నెండో పేజీలో దాచుకున్న కార్డు. చిన్నప్పుడు ఆ పుస్తకం రచయితకి ఉత్తరం రాస్తే వచ్చిన జవాబు అది. టైపు చేసిన రెండే ముక్కలు.

"రాసింది రాసినట్టే ఉండాలి. ఏదీ మారదు. - డి. కె. రామ్స్‌డెన్."

డాట్ దాన్ని చాలాసేపు పట్టుకుని చూసింది.

"ఏ చిరాకులో ఉండి రాశారో పాపం."

"చిరాకా? మహానుభావుడండీ ఆయన! ఆ రెండు ముక్కలు పట్టుకునే ఈ ఆట నడుపుతున్నా." నైజెల్ కార్డు లాగేసుకున్నాడు.

"ఇంతకీ నువ్వేం అడిగావు?"

"ఏదో చిన్నతనం. గుర్తులేదు," అన్నాడు మొహం తిప్పుకుని.

డాట్ కత్తి పట్టలేదు, మంత్రం నేర్వలేదు. వెండిల్ అనే ఊళ్ళో రొట్టెలు కాల్చే మనిషి పాత్ర తీసుకుంది.

"అయ్యో, ఆ ఊరా!" అంది బెథన్. "ఈ ఏడే ఆనకట్ట తెగుతుంది బామ్మగారూ. నూట పన్నెండో పేజీ. ఒక్కరూ మిగలరు."

"తెలుసమ్మా."

"డ్రాగన్ మీదికి పోదాం రండి, సరదాగా ఉంటుంది," అన్నాడు గ్యారెత్.

"మీరు పోండి బాబూ. నాకు ఈ ఊళ్ళో పనుంది."

ఆ పనేమిటో ఆ రోజే తెలిసింది. ఊరివాళ్ళని కొండెక్కమని బతిమాలింది.

"నమ్మరు," అన్నాడు నైజెల్.

మరుసటి ఆదివారం కట్టకి రాళ్ళు పేర్పించింది.

"వానకి కొట్టుకుపోయాయి."

ఆ పై వారం కాలవ తవ్వించింది.

"పూడిపోయింది."

ఇలా ఆరు వారాలు. ప్రతిసారీ ఆట అయ్యాక నైజెల్ తడిగుడ్డ తీసి, బల్ల మీద పరిచిన ఆ లోకపు పటం మీద ఆవిడ గీసిన గీతలన్నీ శుభ్రంగా తుడిచేసేవాడు. పుస్తకంలో లేనిది పటం మీద ఉండకూడదని అక్కడి పద్ధతి.

ఏడో ఆదివారం డాట్ ఒక్కటే అడిగింది.

"రేవులో పడవవాడున్నాడు కదా. ఊరంతా వద్దులే, అతనొక్కణ్ణి అవతలి ఒడ్డుకి పోనీ. అతని పేరేమిటి?"

నైజెల్ తడబడ్డాడు. "పేరు లేదు. పుస్తకంలో లేదు."

"నీ మనసులో?"

"పాచిక వెయ్యండి!" గొంతు పెరిగింది. "ఇరవై పడితే చూద్దాం."

ఇరవై ముఖాల పాచిక బల్లంతా దొర్లి, టీ కప్పుకి తగిలి ఆగింది.

ఇరవై!

"పడవవాడు బతికాడోచ్!" బెథన్ కుర్చీ మీంచి ఎగిరింది. గ్యారెత్ బల్ల గుద్దాడు. డాట్ కళ్ళు ఒత్తుకుంది.

నైజెల్ మాత్రం ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదు. కార్డు తియ్యడం, చూడడం, పెట్టడం.

ఎనిమిదో ఆదివారం వస్తూనే చెప్పేశాడు.

"ఒడ్డు చేరిన పడవవాడు ఊరివాళ్ళ కోసం వెనక్కి తిరిగాడు. నీళ్ళు మింగేశాయి."

"ఇదేం అన్యాయం గురూ! ఇరవై పడింది కదా!" అరిచింది బెథన్.

"ఇవాళ ఒకణ్ణి వదిలితే రేపు ఊరంతా బతుకుతుంది. ఇంక ఈ పుస్తకమెందుకు, పొయ్యిలో పెట్టడానికా? ఆ రచయిత వచ్చి చెప్పమనండి, మారుస్తా."

డాట్ ఏదో అనబోయి ఆగింది.

"ఎవరో చెప్తే మార్చడం కాదు నాయనా. నీ అంతట నువ్వు మారుస్తావేమోనని చూశాను."

నైజెల్ తడిగుడ్డ తీశాడు. పడవ గీత చెరిగిపోయేదాకా చూసి, ఆవిడ గొడుగు తీసుకుని మెట్లు దిగింది. మళ్ళీ రాలేదు.

ఆ ఖాళీ కుర్చీ మీద తడి కోట్లు విప్పి పడెయ్యడం మొదలుపెట్టారు.

రెండు నెలల తర్వాత ఒకావిడ కవరు పట్టుకుని మేడెక్కింది.

"డాట్ మా పిన్ని. పోయి మూడు వారాలైంది. ఒంట్లో అంత జబ్బు పెట్టుకుని, రెండు బస్సులు మారి ఇక్కడికొచ్చేది. వద్దంటే వినేదా! మీరు పాత ఇల్లు మారిపోతే ఊరంతా వాకబు చేసి పట్టుకుందట మిమ్మల్ని."

"నన్నా? ఎందుకు?"

"ఏమో. ఇది మీకివ్వమంది."

కవర్లో గళ్ళ కాగితం. లెక్కల నోటుబుక్కులోంచి చింపింది. గుండ్రటి పిల్ల అక్షరాలు.

"అయ్యా, పోయిన నెల మా నాన్న చనిపోయారు. వెండిల్‌లో పడవవాడికి మా నాన్న పేరు పెట్టుకున్నాను. అందరూ వద్దు. అతనొక్కడు బతకొచ్చా?"

నైజెల్ నూట పన్నెండో పేజీ తీశాడు. ఒక్కరూ మిగల్లేదనే ఉంది అందులో, ఎప్పట్లాగే.

నలభై ఏళ్ళ కిందట పదకొండేళ్ళ నైజెల్ రాసిన ఆ ఉత్తరం అందుకున్న డి. కె. రామ్స్‌డెన్, ఎనిమిది ఆదివారాలు అతని ఎదుటి కుర్చీలోనే కూర్చుని, పడవవాడి ప్రాణం అడిగి అడిగి వెళ్ళిపోయింది.