మౌనికకు నచ్చిన మనుషులు

షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్క అసలు మొరగదు కాబట్టి మౌనిక అని పేరు పెట్టాను. "ఆ జోకుకైనా అది మొరగాల్సింది," అంది మా ఆవిడ హైమ.

కాపలా కుక్క అనుకుంటే కాపురం కుక్కయింది. సోఫా కిందే మకాం. మేం పిలిస్తే వణుకుతుంది, గోడ పిలిస్తే తోకాడిస్తుంది. ఇప్పుడు అందరి ఇళ్లలాగే మా ఇల్లూ గోడలోని స్పీకర్లోంచి మా గొంతులతోనే మాట్లాడుతుంది కదా. పాలవాడితో బేరమాడేదీ, మా అత్తగారికి ఫోన్లో ఊకొట్టేదీ అదే.

"అది నా గొంతేనే! గోడకి తోకా, నాకు వణుకా?" అని అరిస్తే మౌనిక ఇంకా లోపలికి దూరింది.

ఆదివారంలోగా మాకు దగ్గర కాకపోతే షెల్టర్ వాళ్లు దాన్ని వెనక్కి తీసుకుపోతారు. హైమ బెంగపడి షెల్టర్‌కి ఫోన్ చేసింది.

"పాత యజమాని మంచం మీదే పోయారాంటీ," అంది అక్కడి అమ్మాయి. "ఎవరికీ తెలీలేదు. ఆయన గొంతుతో ఇల్లే దాన్ని పిలిచి, నెలల తరబడి తిండి పెట్టింది. అది ఆయన పక్కనే పడుకునేది. అప్పటికి చిన్నపిల్ల కదా, మనుషులంటే అలాగే ఉంటారనుకుంది."

హైమ ఫోన్ పెట్టేసి చాప పరిచింది.

"ఇప్పుడు నిద్రేమిటే?"

"మీరు కాసేపు నోరు మూసుకోండి. గోడని మాట్లాడనివ్వండి."

వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంది. "రా తల్లీ," అంది గోడ, హైమ గొంతుతో. మౌనిక బయటికొచ్చింది. హైమ ఛాతీ కదలడం చూసి ఆగిపోయింది.

హైమ ఊపిరి బిగబట్టింది. అది తోక ఊపింది. వచ్చి, ఆవిడ చంకలో తల పెట్టుకుని హాయిగా పడుకుంది.

"హైమా, ఊపిరి తీసుకోవే," అన్నాను, జీవితంలో మొదటిసారి గుసగుసగా.

"నేను బాగానే ఉన్నానండీ," అంది గోడ.