సర్పంచ్ గొంతు

ఉదయం 9.40కి మద్దులకుంట తూము తెరుచుకోలేదు.

దానికి మూడు అనుమతులు కావాలి. నది కేంద్రానిది, కాలువ రాష్ట్రానిది, తూము పంచాయతీది. పై రెండు అనుమతులూ నిమిషంలో వచ్చాయి. ఊరి నీళ్ల వంతు పది గంటల వరకే. మళ్లీ వంతు పదిహేను రోజులకు వస్తుంది. వరి పొట్ట మీద ఉంది.

"నేను సర్పంచ్‌ను. తెరువు," అంది సుగుణవ్వ మూడోసారి.

"ఇది సర్పంచ్ గొంతు కాదు," అంది తూము.

నాలుగేళ్ల క్రితం గొంతు నమోదుకు అధికారులు వచ్చినప్పుడు, పంచాయతీ పనులన్నిటిలాగే అదీ ఆమె భర్త కొమురయ్యే చేశాడు. ఆయన పోయిన ఎండాకాలం చనిపోయాడు. ఇన్నాళ్లూ వానలతోనే గడిచింది; ఆ తర్వాత తూముతో పని పడడం ఇదే మొదటిసారి.

"ఇంట్ల కొమురన్న మీద లేసే గొంతు ఆనాడు ఏడ వోయిందక్కా?" అన్నాడు నీళ్లు పారించే ఎల్లయ్య.

"సంతకం పెట్టుమన్నడు, పెట్టిన. మాట్లాడుమని ఎవ్వలన్నరు తమ్మీ?"

ఆమె ఫోన్‌లో భర్త తన గొంతుతో పంపిన మాట ఒకటి మిగిలి ఉంది. దాన్ని తూము దగ్గర వినిపించింది.

"సుగుణా, నాకు అన్నం వండకు. బయట తినొస్త."

"నమస్కారం సర్పంచ్ గారూ. తూము తెరవమంటారా?" అంది తూము.

అవునని చెప్పడానికి ఫోన్‌లో ఆయన మాట ఇంకోటి లేదు.

పది గంటలకు నీళ్లు కింది ఊరికి మళ్లాయి.